కొండకు పైన కొండ లేదు

శేషాచలం అడవుల ప్రస్తావన సాధారణంగా ఎర్రచందనం దుంగలు పట్టుబడిన రోజునే వినిపిస్తుంది. అక్రమ రవాణా తీవ్రమైన నేరం, దానిపై నిఘా సడలరాదు. అయితే ఆ కొండలకు గొడ్డలితో నిమిత్తం లేని మరో ముప్పు దాపురించింది. ఎండలు ముదురుతున్నాయి. వాన కురిసే తీరు మారుతున్నది. వేసవి సగానికి రాకముందే నేలలో చెమ్మ ఆరిపోతున్నది. ఈ మార్పును తాళలేని మొక్క ఎవరూ నరకకుండానే నశిస్తుంది. ఆ నష్టానికి కేసు ఉండదు, పంచనామా ఉండదు. సమాజం దృష్టి అటు మళ్లడం ఇప్పటికే ఆలస్యమైంది.

ప్రమాదం స్వరూపాన్ని ముందుగా గ్రహించాలి. కొండ ఎక్కేకొద్దీ ప్రతి వంద మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. వాతావరణం ఒక్క డిగ్రీ వేడెక్కితే, ఒక జాతి తనకు అలవాటైన చల్లదనం కోసం నూటయాభై మీటర్లకు పైగా ఎత్తుకు చేరాలి. మొక్క నడవలేదు. దాని గింజను గాలో, పక్షో మోసుకుపోయి పడేసిన చోట కొత్త తరం మొలవాలి. హిమాలయాల్లో ఈ వలస ఇప్పటికే నమోదైంది. బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ 1849-50 ప్రాంతంలో సిక్కింలో రాసిపెట్టుకున్న వివరాలతో నేటి పరిస్థితిని పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, అక్కడికే పరిమితమైన 124 జాతుల్లో 87 శాతం తమ ఉనికిపట్టును మార్చుకున్నట్లు గుర్తించారు. ఐరోపాలో 302 పర్వత శిఖరాలపై సాగిన అధ్యయనం, ఆ శిఖరాలకు కొత్త మొక్కలు చేరే వేగం అర్ధశతాబ్దం కిందటితో పోలిస్తే అయిదు రెట్లయిందని 2018లో వెల్లడించింది. శిఖరంపై జాతుల సంఖ్య పెరగడం శుభసూచకమని భ్రమపడరాదు. కింది నుంచి వచ్చినవి బలంగా పెరిగే మొక్కలు. అనాదిగా శిఖరాన్నే నమ్ముకున్న శీతల జాతులకు ఇక ఎక్కడానికి చోటు లేదు.

హిమాలయాలకు కనీసం ఎత్తు ఉన్నది. మన తూర్పు కనుమలకు అదీ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో అత్యున్నతమైన జిందగడ శిఖరం ఎత్తు 1,690 మీటర్లు మాత్రమే. తిరుమల పరిసర కొండలు వెయ్యి మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఆగిపోతాయి. పైగా ఈ శ్రేణి ఏకధారగా సాగదు. గోదావరి, కృష్ణ, పెన్న దాన్ని ఎక్కడికక్కడ ఖండించాయి. ఆ ఖండాల మధ్య పొలాలు, పట్టణాలు, రహదారులు విస్తరించాయి. పైకి పోలేని జాతి పక్క కొండకు పోదామన్నా దారి లేదు.

ఇటువంటి పరిమిత భూభాగంలోనే ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని వృక్షజాతులు ఉన్నాయి. ఎర్రచందనం అందరికీ తెలిసినదే. మొగి, తెల్లకరక వంటి చెట్ల పేర్లు కొండ కింది పల్లెలు దాటితే వినిపించవు. తిరుమల కొండల్లో పెరిగే కొండకొత్తిమీర అక్కడిదే. ఈత మొక్కను తలపించే సైకస్ బెడ్డోమీ పూలమొక్కలు భూమిపై పుట్టకముందునాటి వంశానికి చెందినది. వన్యజాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం దానికి అత్యున్నత రక్షణ శ్రేణిని ఇచ్చింది. అది అతి నెమ్మదిగా పెరుగుతుంది. ఆడ, మగ మొక్కలు వేరువేరు. మందుల కోసం మగ మొక్కల కంకులను కోసుకుపోతే ఆడ మొక్క ఉన్నా గింజ కట్టదు. అంత నిదానంగా సంతతిని పెంచుకునే జాతి, దశాబ్దాల్లో జరిగిపోతున్న ఉష్ణోగ్రత మార్పుతో పరుగెత్తలేదు. ఈ కొండల్లోనే పెరిగే జాలారి చెట్టుది మరో విధమైన ఆపద. సాల వృక్షం చేరిన ఆ కుటుంబంలో గింజ రాలిన కొద్ది రోజులకే మొలకెత్తాలి, లేకుంటే చచ్చిపోతుంది. తొలకరి రెండు వారాలు వెనుకపడితే ఆ ఏటి గింజంతా వృథా. వరుసగా కొన్నేళ్లు అలా జరిగితే అడవి పచ్చగానే కనిపిస్తుంది గాని, అందులో పిల్లచెట్లు ఉండవు.

ఎండిన కొండవాలుకు నిప్పు తోడవుతున్నది. వేసవి నాటికి బోదగడ్డి ఎండి పరుచుకుని ఉంటుంది. ఒక్క బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో తిరుమల అడవుల్లో మంటలు ఆర్పేందుకు వాయుసేన హెలికాప్టర్లను దించవలసి వచ్చింది. ఏటేటా పునరావృతమయ్యే చిన్న మంటలు కూడా తక్కువ హాని చేయవు. పెద్ద మాను తట్టుకుంటుంది, మోకాలెత్తు మొలక తట్టుకోదు. మండి ఖాళీ అయిన చోటును పరదేశి లాంటానా పొద ఆక్రమిస్తే, ఆ నీడలో దేశీయ మొలక మళ్లీ లేవదు.

ఈ పరిస్థితిలో కోనలకు విశేష ప్రాధాన్యం ఉన్నది. తలకోన వంటి లోతైన లోయల్లో నీడ, ఊట, చల్లదనం ఏడాది పొడవునా నిలుస్తాయి. చుట్టుపక్కల కొండ మలమల మాడే నెలల్లోనూ అక్కడ తేమను కోరే మొక్కలు బతుకుతాయి. వేడెక్కుతున్న కాలంలో పైకి పోలేని జాతులకు అవే తుది ఆశ్రయాలు. దురదృష్టవశాత్తు వసతి గృహాల నిర్మాణం, ఊటనీటి మళ్లింపు, వాహనాల దారులు కూడా ఈ కోనలనే వెతుక్కుంటూ వస్తున్నాయి. సందర్శకులకు అడవిని దూరం చేయాలని ఎవరూ కోరడం లేదు. ఊట దగ్గర సిమెంటు వేయడం ఆపాలన్నదే విజ్ఞప్తి.

శేషాచలం 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతమైంది. దాని విస్తీర్ణం 4,755 చదరపు కిలోమీటర్లు. ఆ ప్రకటన హర్షణీయం. కానీ పటంపై గీసిన గీత కదలదు, గీత లోపలి వాతావరణం కదిలిపోతున్నది. రక్షణ ప్రణాళికలు ఇప్పటికీ చెట్ల లెక్కకు, దుంగల లెక్కకు పరిమితమైతే అవి గతించిన అడవికే కాపలా కాస్తాయి. అడవిని కోల్పోయిన చోటుకు బదులుగా మరో జిల్లా మైదానంలో వేగంగా పెరిగే మొక్కలు నాటి లెక్క సరిచేయడం కొండ విషయంలో అర్థరహితం. తెల్లకరక పెరిగిన రాతివాలును యూకలిప్టస్ తోట భర్తీ చేయలేదు. కొండలపై జలాశయాలు కట్టి విద్యుత్తును నిల్వ చేసే పథకాలదీ ఇదే సమస్య. బొగ్గు వాడకం తగ్గడానికి అవి ఉపకరిస్తాయి, వాటి అవసరాన్ని కాదనలేము. వాతావరణాన్ని కాపాడే పేరుతో, ఆ వాతావరణం దెబ్బకు ఇప్పటికే చిక్కిన శిఖర భూములను ముంచకుండా స్థలాన్ని ఎంచుకోవడం మాత్రం సాధ్యమే.

ఇది ప్రకృతి ప్రేమికుల వ్యథగా మాత్రమే చూడదగినది కాదు. కొండపై నేలను పట్టి ఉంచే వేళ్లు పోతే, వాన నీరు ఇంకకుండా ఒక్క ఉదుటున దిగి ఒండ్రుతో చెరువులను పూడ్చివేస్తుంది. అడవి ఫలసాయంపై ఆధారపడిన యానాదులకు, చెంచులకు జీవనోపాధి కుంచించుకుపోతుంది. రాయలసీమ వేసవిలో దాహం తీర్చే నన్నారి షర్బత్ వెనుక కొండల్లో తవ్విన వేరు ఉన్నది. వేరు తవ్వితే తీగ చస్తుంది. పెరుగుదల తగ్గిన కాలంలో తవ్వకం అదే జోరున సాగితే మిగిలేది ఏమీ ఉండదు. సాగు చేయడానికి వీలున్న ఆ తీగను రైతుల పొలాల్లోకి తేవడం తక్షణం చేయదగిన పని.

అటవీ నిర్వహణకు బాధ్యులైన యంత్రాంగం ప్రతి కొండపైనా ఎత్తుల వారీగా శాశ్వత పరిశీలన స్థలాలు ఏర్పరచి, ఏ జాతి ఎక్కడ మొలకెత్తుతున్నదో ఏటా నమోదు చేయాలి. హుకర్ రాసి ఉంచబట్టే సిక్కింలో జరిగిన మార్పు తెలిసింది. మనకు అటువంటి రాత లేకపోతే, ఏమి పోయిందో కూడా తెలియదు. విశ్వవిద్యాలయాలు ఇందుకు విద్యార్థులను పంపాలి. జీవవైవిధ్య చట్టం 2002లోనే వచ్చింది. దాని ప్రకారం స్థానిక సంస్థలు కమిటీలు వేసి జీవవైవిధ్య దస్త్రాలు తయారు చేయాలి. కొండ ఎరిగిన గిరిజనుల చేత వాటిని రాయించాలి. మంటల కాలానికి ముందే పరిశీలకులుగా వారిని వేతనంపై నియమించాలి. ఇవన్నీ భారీ వ్యయం కోరే పనులు కావు.

గింజలను శీతల గిడ్డంగిలో దాచితే చాలునన్న వాదన మొగి దగ్గర నిలవదు. అది నేరేడు ప్రజాతికి చెందినది. ఆ ప్రజాతి గింజ ఆరితే మొలవదు, దాచడానికి వీలు కాదు. వాటికి బతికి ఉన్న చెట్టే గిడ్డంగి. కనుక కొండపైనే, వేర్వేరు ఎత్తుల్లో, నీటి వసతి ఉన్న చోట నర్సరీలు నెలకొల్పాలి. పండు రాలిన వారంలోనే గింజ మట్టిలో పడాలి. వచ్చే పండ్ల కాలానికి ఆ మడులు సిద్ధంగా ఉండాలి.