పళ్ళ లెక్క

చదువు మాని ఆటలేమిటని పిల్లలను గద్దించడం మన ఇళ్ళలో నిత్యకృత్యం. అన్ని ఆటల విషయంలో ఆ గద్దింపు తప్పని నేననను. కాని డ్రాగ్ రేసింగు ఆటలో కూర్చుని కారు గేర్లు సవరించుకొనే పిల్లవాని విషయంలో నాది భిన్నాభిప్రాయం. వాడు చేస్తున్నది త్రైరాశికం. అది గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకు కొత్త విద్య కూడా కాదు.

తెలియనివారికోసం రెండు మాటలు. డ్రాగ్ రేసంటే తిన్నని బాటమీద రెండు వాహనాల పరుగు. దూరం సాధారణంగా పావుమైలు. మా కాలపు లెక్కలో రెండు ఫర్లాంగులు, నేటి లెక్కలో సుమారు 402 మీటర్లు. మలుపులుండవు గనుక నేర్పంతా రెండింటిలోనే ఉన్నది: గేర్ల నిష్పత్తి, గేరు మార్చే క్షణం. 2003లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్ ఈ పందెాన్ని కంప్యూటరు తెరమీద చూపింది. 2004లో వచ్చిన దాని రెండవ భాగం గేర్ల నిష్పత్తులను ఆటగాడే మార్చుకొనే వీలు కల్పించింది. 2016 నాటి సీఎస్ఆర్ రేసింగ్ 2 వంటి ఫోను ఆటల్లోనూ ఫైనల్ డ్రైవ్ అనే చివరి నిష్పత్తిని సవరించుకోవచ్చు.

గేరంటే పళ్ళచక్రం. 12 పళ్ళ చక్రం 36 పళ్ళ చక్రాన్ని తిప్పుతున్నదనుకోండి. చిన్నది మూడు చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం మూడోవంతుకు తగ్గుతుంది, రాపిడి నష్టాన్ని పక్కన పెడితే తిప్పుబలం మూడింతలవుతుంది. ఈ నిష్పత్తి 3. అదే 18 పళ్ళది 36 పళ్ళదాన్ని తిప్పితే నిష్పత్తి 2. ఒకటి కావాలంటే రెండవదాన్ని వదులుకోవలసిందే. మొదటి గేరు నిష్పత్తి మరీ పెద్దదైతే టైర్లు నేలను పట్టక ఉన్నచోటనే గిరగిర తిరుగుతాయి. మరీ చిన్నదైతే బండి మూలుగుతుందే గాని లేవదు.

ఇక గేరు మార్చే క్షణం. ఇంజను ముల్లు ఎర్రగీతను తాకినప్పుడే మార్చాలని చాలామంది పిల్లల నమ్మకం. ఒక ఊహాయంత్రంతో లెక్క చూద్దాం. మొదటి గేరు 3, రెండవది 2. నిమిషానికి 6000 చుట్ల వద్ద ఇంజను బలం 150 పాళ్ళు. మొదటి గేరులో అది 450 అవుతుంది. అక్కడ గేరు మారిస్తే చుట్లు 4000కు పడతాయి. అక్కడి బలం 200 పాళ్ళనుకుంటే రెండవ గేరులో చేతికందేది 400. అంటే ఇంకా ఆగవలసిందే. 6900 వద్ద ఇంజను బలం 130కి జారితే మొదటి గేరులో మిగిలేది 390. మార్చితే చుట్లు 4600 అవుతాయి. అక్కడ బలం అదే 200 అయితే దక్కేది 400. ఇప్పుడు మార్చవచ్చు. ఎర్రగీత ఎక్కడున్నదన్నది తరువాతి మాట. ఉత్పలమాలకు యతి పదవ అక్షరం, చంపకమాలకు పదకొండవది. అలాగే ఏ బండి విరామస్థానం ఆ బండిదే.

ఈ విద్య మన పొలాల్లో లేదా? నల్లరేగడిలో దిగబడిన ట్రాక్టరును పైకి తేవడానికి రైతు ఏ గేరు వేస్తాడు? అదే ట్రాక్టరు మిరప టిక్కీలతో గుంటూరు యార్డు దారి పట్టినప్పుడు ఏ గేరు వేస్తాడు? ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూసినవారికి ఇంకా సులువుగా తెలుస్తుంది. అక్కడా పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని విభాగాలు. ఆ పళ్ళు వయసుకు గుర్తులు, ఈ పళ్ళు చక్రానివి. అయినా ఆలోచన ఒక్కటే: ఎంత బరువుకు ఎంత బలం, ఎంత సేపు? నిర్ణీత సమయంలో లాగిన దూరమే అక్కడ గెలుపు. గిత్తల సత్తువనంతా తొలి లాగుకే ఖర్చుపెట్టించే తోలరి గెలవడు. తండ్రికి చేతిలో ఉన్న విద్యే కొడుకు తెరమీద ఆడుతున్నాడు. ఇద్దరిమధ్య ఉమ్మడి మాట లేకపోవడంవల్ల ఒకరు గద్దిస్తారు, ఒకరు తలుపు వేసుకుంటారు.

అయితే నా సమర్థనకొక షరతున్నది. అంతర్జాలంలో ఎవరో పెట్టిన అంకెలను తెచ్చి ఎక్కించుకొనే పిల్లవాడు గైడు బట్టీపట్టిన విద్యార్థివంటివాడు. టైరో ఇంజనో మారిన మరునాడు ఆ అంకెలు పనికిరావు. ఒక్కొక్క అంకె మార్చి, పరుగెత్తించి, కాలం రాసుకొని పోల్చుకొనేవాడే నేర్చుకొనేవాడు. గమ్యానికి కొద్దిముందు మరొక గేరు మార్చవలసి వచ్చి కాలం పోతున్నదని గమనించి, చివరి నిష్పత్తిని కాస్త తగ్గించి చూసే బాలుడు ప్రయోగశాలలో ఉన్నట్లే లెక్క.

ఆట వేగం రోడ్డెక్కదా అని కొందరి భయం. న్యాయమైన భయమే. తెరమీద ఓడితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. చిలకలూరిపేట దగ్గర రహదారిమీద లారీలు, ట్రాక్టర్లు, నడిచి దాటే మనుషులు ఉంటారు. పందెానికి వేరే నేల ఉన్నది: ఒకనాడు మద్రాసు దగ్గరి శోళవరం రన్‌వే, 1990 నుండి శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. ఈ మాట కూడా ఆట ఆడే పిల్లవానికి చెప్పవలసింది మనమే. ఫోను లాగేసుకున్నవాని మాట వాడు వినడు. పక్కన కూర్చుని లెక్క అడిగినవాని మాట వింటాడు.

కనుక పెద్దలకు నా మనవి. "ఏరా, రెండో గేరు అక్కడే ఎందుకు వేశావు?" అని ఒకసారి అడగండి. కారణం చెబితే ఆడనివ్వండి. "నెట్‌లో అలా ఉంది" అంటే ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి కూర్చోబెట్టండి.

షిఫ్ట్ పాయింటుకు నేను యతిస్థానమనే వాడుతున్నాను. మీ ప్రాంతపు డ్రైవర్ల నోట, మెకానిక్కుల నోట ఇంతకంటె సహజమైన మాట ఉంటే దయచేసి తెలియజేయగలరు.