సంతకం మనది, అర్థం వాళ్లదా?

చెరకుకు కేంద్రం ప్రకటించే ఎఫ్‌ఆర్‌పీని మనకు చెల్లించేది ఫ్యాక్టరీ, సర్కారు కాదు. అయినా బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాలా ఫిర్యాదుపై ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ 2021 డిసెంబరులో ఆ ధరను సర్కారు మద్దతుగానే లెక్కగట్టి, పంట విలువలో 10 శాతం హద్దు దాటామంది. ‘ధర మద్దతు’ అంటే సర్కారే సొమ్ము పెట్టాలని ఒప్పందంలో లేదట!

మన దేశం అప్పీలు చేసింది. సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో అప్పీళ్ల విభాగం 2019 డిసెంబరు నుంచే మూతపడింది. అందుకే తీర్పు అమలు ఆగిందే గానీ రద్దు కాలేదు. అమలైతే ఎఫ్‌ఆర్‌పీకే ఎసరు.

1994లో ఆ ఒప్పందంపై సంతకం పెట్టింది మన సర్కారే. ఇకనైనా ఏ వాణిజ్య ఒప్పందమైనా సంతకానికి ముందే పార్లమెంటులో, రైతు సంఘాలతో మాట మాటకూ చర్చ జరగాలి.