గదులు రెండు.. తిరగాల్సిన గడపలు ఎనిమిది!

సాణాపుర, ఆనెగొంది హోం స్టే ఇళ్లలో తెల్లారితే క్షణం తీరిక లేదు
అనుమతుల సంగతి మాత్రం ఏళ్లు గడిచినా తేలదు

గంగావతి: పొద్దున ఐదింటికల్లా బోరు మోటారు వేయాలి. కరెంటు పోయిందంటే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ట్యాంకు నిండేలోపు రాత్రి రుబ్బిపెట్టిన పిండి పొంగిందో లేదో చూసుకోవాలి. హంపి ఎక్స్‌ప్రెస్‌లో హొసపేటలో దిగినవాళ్లు ఏడూ ఏడున్నరకు ఆటో ఎక్కి ఫోన్లు మొదలుపెడతారు. ‘గది ఖాళీ అయిందా, ఇప్పుడే వచ్చేయొచ్చా’ అని. ఆ గదిలో రాత్రి పడుకున్నవాళ్లు ఇంకా లేవనే లేవరు. వాళ్లను లేపకూడదు, వీళ్లను వద్దనకూడదు. వసారాలో కుర్చీలు వేసి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టడంతో ఇంటామెకు రోజు మొదలవుతుంది.

తుంగభద్రకు హంపి అటు ఒడ్డు, ఆనెగొంది, సాణాపుర ఇటు ఒడ్డు. నది దాటితే జిల్లా మారి కొప్పళ వస్తుంది. ఈ ఊళ్లలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ సొంతింట్లో ఒకటి రెండు గదులు అద్దెకిచ్చి, పొద్దుటి టిఫిను పెట్టే కుటుంబాలు పెరిగాయి. పట్నంవాళ్లు బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ అంటారు, ఇక్కడ హోం స్టే అంటారు. గంగావతి తాలూకాలో తెలుగువాళ్లకు ఇది కొత్త వ్యాపారమే. 1950లలో డ్యాం కింద నీళ్లొస్తాయని కోస్తా జిల్లాల నుంచి వచ్చి, అడవి కొట్టి, క్యాంపులు కట్టుకున్న రైతుల మనవళ్లకు వరి తప్ప వేరే లెక్క అలవాటు లేదు. ఇప్పుడు ఆ వరే అనుమానంలో పడింది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. మొత్తం 33 గేట్లూ మార్చాల్సిందేనని తేలింది. ఆ పని కోసం 2025-26లో రెండో పంటకు నీళ్లు ఆపేశారు. ఒక పంట పోయిన ఇంట్లో రెండు గదుల అద్దె చిన్న విషయం కాదు.

మగవాళ్ల పని కొంత.. ఆడవాళ్ల పని మొత్తం

చూసేవాళ్లకు ఇది కూర్చుని తినే వ్యాపారంలా కనిపిస్తుంది. రెండు గదులకు దుప్పట్లు ఎన్ని జతలు కావాలో లెక్కేస్తే అసలు సంగతి తెలుస్తుంది. మంచం మీద ఒకటి, దండెం మీద ఒకటి, బీరువాలో ఒకటి.. మంచానికి మూడు జతలు లేనిదే బండి నడవదు. వానాకాలం మూడూ చాలవు, ఆరవు. కోతల రోజుల్లో గాలికొచ్చే వరిపొట్టు అంతా తెల్ల దుప్పట్ల మీదే వాలుతుంది. సాయంత్రం చుట్టూ మడుల్లోంచి దోమలు. దోమతెర కట్టకపోతే మర్నాడు పొద్దున్నే ఫోన్లో చుక్కలు తగ్గుతాయి. ఐదు చుక్కలు నాలుగైతే వచ్చే నెల బుకింగులు తగ్గుతాయి. దోమకీ చుక్కకీ ఇంత సంబంధం ఉంటుందని తాతల కాలంలో ఎవరూ అనుకుని ఉండరు.

టిఫిను మరో తంటా. బెంగళూరువాళ్లు రాగానే ‘తిండి ఏను’ అని అడుగుతారు. కన్నడంలో తిండి అంటే పొద్దుటి ఫలహారమే. హైదరాబాదు నుంచి కార్లలో వచ్చేవాళ్లు ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ ఉందా అంటారు. విదేశీయులకు కారం తగలకూడదు. ఒకే పొయ్యి మీద మూడు రకాలు. పది దాటేసరికి ఒకరికి సాణాపుర చెరువులో పుట్టి ఎక్కాలి, ఇంకొకరికి అంజనాద్రి 575 మెట్లు ఎక్కాలి. ఆంజనేయుడు పుట్టింది ఇక్కడా, తిరుమలలోనా అని 2021లో లేచిన వివాదం గురించి కూడా అతిథులు ఇంటివాళ్లనే అడుగుతారు. తెలుగువాళ్లు కదా, ఎటు చెప్పినా చిక్కే.

మధ్యాహ్నం గదులు కడగడం, బట్టలుతకడం, గంగావతి వెళ్లి కూరలు తేవడం. ఈ మధ్యలోనే కాగితం పని. విదేశీ అతిథి దిగితే 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. పాస్‌పోర్టు, వీసా నంబర్లు, దేశంలో ఎప్పుడు దిగారు, ఇక్కణ్నుంచి ఎక్కడికి వెళ్తారు.. అన్నీ నింపాలి. ‘సి ఫారం’ అని ఇక్కడ అందరికీ తెలిసిన పద్ధతే. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త వలసల చట్టం అమల్లోకి వచ్చినా ఇంటివాళ్ల బాధ్యత తగ్గలేదు. పల్లెలో సిగ్నలు లేదన్న మాట నిబంధనల్లో ఎక్కడా చెల్లదు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లో పిల్లాడో ఉంటే సరి. లేకపోతే నెట్ సెంటరే గతి.

మిగిలేదెంత?

ఒక లెక్క వేసి చూద్దాం. గది అద్దె రోజుకు రూ.1,500 అనుకుందాం. ఆన్‌లైన్ బుకింగ్ కంపెనీ కమీషను 15 శాతం అనుకుంటే రూ.225 పోతుంది. చేతికొచ్చేది రూ.1,275. సీజను అక్టోబరు నుంచి మార్చి వరకే. ఏప్రిల్, మే ఎండలకు బండల మధ్య ఎవరూ నిలవరు. ఆ ఆరు నెలల్లో సగం రోజులు గదులు నిండాయనుకుంటే రెండు గదులకు కలిపి 180 రాత్రులు. వచ్చేది రూ.2,29,500. టిఫిను, సబ్బులు, ఉతుకులకు రాత్రికి రూ.300 తీసేస్తే మిగిలేది రూ.1,75,500. ఏడాదికి పంచితే నెలకు రూ.14,625. కరెంటు బిల్లు, సున్నాలు, పగిలిన కుళాయిలు ఇందులోంచే. ఇంట్లో ఇద్దరు ముగ్గురి కష్టానికి కూలి మాత్రం ఈ లెక్కలో లేదు.

2025-26 కేంద్ర బడ్జెట్లో హోం స్టేలకు ముద్ర రుణాలు ఇస్తామన్నారు. మంచిదే. కానీ పది లక్షలు తీసుకుని ఐదేళ్లలో తీర్చాలంటే వడ్డీ పక్కన పెట్టి అసలు మాత్రమే నెలకు రూ.16,667. పై లెక్కలో మిగిలిన దానికన్నా ఎక్కువ. అందుకే అప్పు తెచ్చిన ఇల్లు రెండు గదుల దగ్గర ఆగదు. పెరట్లో మూడోది, పొలంలో నాలుగోది వేస్తుంది. అక్కడే చట్టం అడ్డొస్తుంది.

గడ్డె నేర్పిన పాఠం

ఈ ఒడ్డున చట్టం ఎలా పనిచేస్తుందో విరూపాపుర గడ్డె చూపించింది. విదేశీయులతో కళకళలాడిన ఆ లంకను 1988లోనే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అయినా హోటళ్లు వెలిశాయి, ఏళ్ల తరబడి నడిచాయి. 2015లో కర్ణాటక హైకోర్టు, 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అవి అక్రమమేనని తేల్చాయి. మార్చి మొదట్లో బుల్డోజర్లు దిగాయి. తీర్పులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. తప్పంతా ముప్పై ఏళ్లు చూస్తూ ఊరుకోవడంలో ఉంది. గడ్డె పోయాక వచ్చేవాళ్లు రావడం మానలేదు. సాణాపుర వైపు మళ్లారు. ఎక్కడ ఉండాలో, ఎవరు గదులివ్వొచ్చో ముందే తేల్చలేదు. ఆ ఖాళీని ఇళ్లు కొంత, పొలాల్లో లేచిన కుటీరాలు కొంత నింపాయి.

హంపి ప్రాధికార కిందకు 29 గ్రామాలు వస్తాయి. ఆనెగొంది, సాణాపుర అందులోవే. కట్టడం ఏదైనా అక్కడ అడగాలి. సాగుభూమిలో గది వేస్తే 1964 నాటి భూ రెవెన్యూ చట్టం కింద ఎన్.ఎ. చేయించాలి. అలా రెండు గదుల ఇంటికి పంచాయతీ, తహశీల్దారు, ప్రాధికార, పర్యాటక శాఖ, పోలీస్ స్టేషను, జెస్కాం, గ్యాస్ ఏజెన్సీ, బ్యాంకు.. ఎనిమిది గడపలు. మీటరు ఇంటిదా, వ్యాపారానిదా? సిలిండరు ఇంట్లో వాడే 14.2 కిలోలదా, 19 కిలోల నీలం బండా? ఒక్కో చోట ఒక్కో జవాబు వస్తే చిన్నవాడు ఏం చేస్తాడు? ఏదీ అడగకుండా నడిపిస్తాడు. తనిఖీ వచ్చినప్పుడు మాత్రం వణుకుతాడు.

ఇందులో హోం స్టేలవాళ్ల తప్పూ ఉంది. పది పదిహేను కుటీరాలు వేసి, యజమాని ఎక్కడో ఉండి, పనివాళ్లతో నడిపించేదానికి కూడా హోం స్టే అనే బోర్డు పెడుతున్నారు. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో గీత స్పష్టంగానే ఉంది. గదులు ఒకటి నుంచి ఆరు లోపు, పడకలు పన్నెండు మించకూడదు, యజమాని కుటుంబం అదే ఇంట్లో కాపురముండాలి. ఇక్కడ తనిఖీలప్పుడు చూడాల్సింది ఇదే. కాపురముండే ఇల్లెవరిది, కుటీరాల రిసార్టు ఎవరిది అని వేరు చేయకుండా అందరినీ ఒకే గాట కడితే నష్టపోయేది ఇంటివాళ్లే. రిసార్టువాడికి వకీలుంటాడు.

ఆ రాత్రి తర్వాత..

2025 మార్చి 6 రాత్రి సాణాపుర దగ్గర ఎడమ కాలువ గట్టున జరిగింది ఎవరూ మరచిపోలేదు. నలుగురు అతిథులతో కలిసి కూర్చున్న హోం స్టే నిర్వాహకురాలి మీద, ఇజ్రాయెల్ పర్యాటకురాలి మీద సామూహిక అత్యాచారం జరిగింది. వెంట ఉన్న ముగ్గురు మగవాళ్లను కాలువలోకి తోసేశారు. ఒడిశా యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. బైకు మీద వచ్చినవాళ్లు మొదట అడిగింది పెట్రోలు, తర్వాత వంద రూపాయలు.

ఆ తర్వాత తనిఖీలు పెరిగాయి. రాత్రిళ్లు అతిథులను బయటికి పంపొద్దన్న హెచ్చరికలూ వచ్చాయి. పెరగాల్సిందే. కాకపోతే బరువంతా మళ్లీ ఇంటిమీదే పడింది. అతిథి రాత్రి ఎనిమిదికి గట్టు మీద నక్షత్రాలు చూస్తానంటే వద్దని చెప్పాల్సింది ఇంటామె. వినకపోతే పోలీసులకు చెప్పాల్సిందీ ఆమే. పొద్దున ఐదింటికి మోటారుతో మొదలైన రోజు, అందరూ గదుల్లోకి చేరారో లేదో చూసి గేటుకు తాళం వేసేదాకా ముగియదు. బాధితుల్లో ఒకరు ఇదే పని చేసుకునే మహిళ. జాగ్రత్తలు చెప్పడానికి ఆమె గుర్తొస్తుంది. గట్టు మీద వీధి దీపాలు, రాత్రి గస్తీ అనేసరికి మాత్రం ఏ శాఖ ఖర్చు పెట్టాలన్న దగ్గర మాట ఆగుతుంది. కాలువ నీటిపారుదల శాఖది, దారి పంచాయతీది, దీపం జెస్కాంది.

ఇంకో చిక్కు పైకి కనిపించదు. పహణి సాధారణంగా మామగారి పేర ఉంటుంది, మీటరు భర్త పేర. అనుమతి దరఖాస్తూ, బ్యాంకు ఖాతా ఆ పేర్ల మీదే వెళ్తాయి. రోజంతా ఇల్లు నడిపే మనిషి పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ముద్ర రుణం తన పేర కావాలని ఆమె బ్యాంకుకు వెళ్తే మొదట అడిగేది అనుమతి పత్రం. అది ఆ ఎనిమిది గడపల్లో ఎక్కడో ఒకచోట ఆగి ఉంటుంది.