ఎలుకల సంగతి పెద్దలకు తెలుసు

అమెరికాకు నైరుతి దిక్కున ఆరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాలలో నవహో ఆదివాసుల ప్రాంతం ఉంది. 1993 మే నెలలో, పరుగుపందాలలో మంచి పేరున్న ఒక నవహో యువకుడు ఊపిరాడక గాలప్ పట్టణంలోని ఆస్పత్రిలో చనిపోయాడు. అతడు పెళ్ళాడబోయే అమ్మాయి కొద్దిరోజుల ముందే అలాగే మరణించింది. ఆరోగ్యవంతుల ఊపిరితిత్తులు అంత త్వరగా నీటితో నిండిపోవడమేమిటి? అక్కడ వైద్యం చేస్తున్న డాక్టర్ బ్రూస్ టెంపెస్ట్ తోటి వైద్యులను వాకబు చేయగా, ఇటువంటి మరణాలు మరికొన్ని బయటపడ్డాయి.

వెంటనే విలేఖరులు వచ్చిపడ్డారు. చనిపోయినవారిని గురించి నాలుగు రోజులు మాట్లాడకూడదని నవహోల ఆచారం. అదేమీ పట్టించుకోకుండా దుఃఖంలో ఉన్న ఇళ్ళకు వెళ్ళి ప్రశ్నలు వేశారు. 'నవహో ఫ్లూ' అని పత్రికలలో రాశారు. సూక్ష్మజీవికి జాతి ఉంటుందా, విద్యార్థులారా?

డాక్టర్ బెన్ మునెటా మాత్రం వేరే పని చేశాడు. ఆయన స్వయంగా నవహో. తమ సంప్రదాయ వైద్యుల దగ్గరకు వెళ్ళి అడిగాడు. వానలు, మంచు ఎక్కువగా పడిన ఏడు పిన్యాన్ చెట్లు విరగకాస్తాయని, ఆ గింజలు తిని ఎలుకలు పెరుగుతాయని, వాటివల్ల జబ్బు వస్తుందని వారు చెప్పారు. ఎలుకను ఇంట్లోకి రానివ్వకూడదనీ, అది తాకిన బట్టలు కాల్చివేయాలనీ నవహో పెద్దల మాట.

కొద్ది వారాలలోనే అట్లాంటాలోని రోగ నియంత్రణ కేంద్రం ఇది హంటా వైరస్ అని తేల్చింది. దానిని మోసేది డీర్ మౌస్ అనే చిన్న ఎలుక. ఎండిన మూత్రం, పెంటికలు దుమ్ములో కలిసి మన శ్వాసలోకి పోతాయి. ఆ ఏడు మే నాటికి ఎలుకల సంఖ్య అంతకుముందటి మే కన్న పదిరెట్లయిందని లెక్కలలో తేలింది.

పెద్దలు చెప్పినదంతా శాస్త్రమని నేననను. వైరస్‌ను పట్టుకోవడానికి ప్రయోగశాలే కావాలి. కాని వాన, గింజ, ఎలుక, జబ్బు అనే వరుస తరతరాల పరిశీలన. దానిని మూఢనమ్మకమని తోసేసే డాక్టరు చేతికందిన ఆధారాన్ని పారేసుకున్నట్లే. పరిశీలన, ప్రయోగం అని మేము రోజూ పాఠం చెబుతాం. 'అడిగి తెలుసుకోవడం' అనే మాట ఎందుకో మా నోట రాదు!

వైరస్‌కు ఆ ప్రాంతం పేరే పెట్టబోతే స్థానికులు అభ్యంతరం చెప్పారు. చివరకు 'సిన్ నోంబ్రే' అన్నారు. స్పానిష్‌లో 'పేరు లేనిది' అని అర్థం. ఈ వ్యాధికి ప్రత్యేకమైన మందు ఇప్పటికీ లేదు. అందుకే ఎలుకలు తిరిగిన గదిని పొడిగా ఊడ్వవద్దనీ, ముందు బ్లీచింగ్ నీళ్ళు చల్లి తడిగుడ్డతో తుడవమనీ అక్కడి వైద్యులు చెబుతున్నారు.