వీలునామాకు వీలెప్పుడు?

పొద్దున్నే తార్నాక నుంచి నడుచుకుంటూ ఉస్మానియా క్యాంపస్‌లోకి వచ్చి, ఆర్ట్స్ కాలేజీ ముందు కాసేపు కూర్చుని, ఎండ ముదరకముందే ఇళ్లకు మళ్లే ముసలి బృందం మాది. నేను యూనివర్సిటీ లైబ్రరీలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరయ్యాను. మిగతావాళ్లూ అట్లాంటివాళ్లే. షుగరు, మోకాళ్లు, పిల్లల వీసాలు, పెన్షన్ బకాయిలు అన్నీ మాట్లాడుకుంటాం. వీలునామా ఊసు ఎత్తితే మాత్రం "పొద్దుగాల పొద్దుగాల అదేం మాట?" అని కొట్టిపారేసేవాళ్లం. పోయినేడు మాలో ఒకాయన, కెమిస్ట్రీ మాస్టారు, పోయారు. అప్పటి నుంచి మాకు వేరే మాట లేదు.

మాస్టారు వీలునామా రాయకుండా పోలేదు. ముత్యాల్లాంటి దస్తూరితో నాలుగు పేజీలు స్వయంగా రాసుకున్నారు. తార్నాకలో తానుంటున్న ఫ్లాటు తన తర్వాత పూర్తిగా భార్యకే చెందాలన్నది దాని సారం. వంద రూపాయల స్టాంపు కాగితం కొన్నారు, నోటరీ ముద్ర వేయించారు. ముద్ర గుండ్రంగా, ఎర్రగా, చూడముచ్చటగా ఉంది. సాక్షుల సంతకాలు మాత్రం లేవు.

చట్టానికి కావలసింది ఆ ముద్ర కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ అడిగేది చాలా కొంచెం. రాసిన మనిషి సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టడం కళ్లారా చూసిన ఇద్దరు, లేదా "ఇది నా సంతకమే" అని ఆ మనిషి నోటి నుంచే విన్న ఇద్దరు, ఆయన ఎదుట సాక్షి సంతకాలు చేయాలి. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ మన ఇష్టం. ఇంగ్లీషులోనే ఉండాలన్న నియమం లేదు, తెలుగులో రాసినా నిక్షేపంగా చెల్లుతుంది. అవసరం లేనివన్నీ మాస్టారు చేశారు. అవసరమైన ఆ రెండు సంతకాలూ మరిచిపోయారు.

దాంతో ఆయన మాట పక్కకు పోయి, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వచ్చి పంపకం చేసింది. భార్యకు, ఇద్దరు కొడుకులకు, కూతురికి తలా పావు వంతు. నలభై ఏళ్లు సంసారం చేసిన ఇంట్లో ఆ తల్లికి మిగిలింది పావు వాటా. పిల్లలు మంచివాళ్లు కాబట్టి తమ వాటాలు తల్లికే వదిలేస్తూ రిలీజ్ డీడ్ రాసిచ్చారు. అమెరికాలో ఉన్న కూతురు కాన్సులేటుకు పోయి పవరాఫ్ అటార్నీ పంపాల్సి వచ్చింది. తగాదా లేని ఇంట్లోనే ఇంత తిరుగుడు పట్టింది. తగాదా ఉన్న ఇల్లయితే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు.

ఇది విన్నవాళ్లంతా "అందుకే వకీలును పెట్టుకోవాలి" అంటారు. ఆగండి, మా పెద్దన్న సంగతి కూడా వినండి. ఆయన పెద్ద వకీలు దగ్గరికే పోయాడు. ఆఫీసులో ఒక గుమాస్తా పేరూ ఊరూ అడిగి, కంప్యూటర్లో ఉన్న పాత నమూనాలో ఇవి నింపి, ప్రింటు తీసి ఇచ్చాడు. అన్న చదవకుండా సంతకం పెట్టాడు. తర్వాత నేను చదివితే, ఏడో పేరాలో "నన్ను కన్నకూతురిలా చూసుకున్న నా కోడలికి" అని ఉంది. అన్నకు ఇద్దరూ ఆడపిల్లలే, కోడలు ఎక్కడినుంచి వచ్చింది? అంతకుముందు వచ్చిన క్లయింటు కోడలు అక్కడే ఉండిపోయిందన్నమాట. నవ్వుకున్నాం గానీ, అన్న పోయాక ఆ కాగితం బయటపడి ఉంటే నవ్వొచ్చేది కాదు.

సొంతంగా రాసుకోవాలా, వకీలుతో రాయించాలా అన్న ప్రశ్నకు నా జవాబు ఈ రెండు అనుభవాల్లోంచి వచ్చిందే. చేయి ఎవరిదన్నది కాదు, ఆలోచన ఎవరిదన్నది ముఖ్యం. మొదటి రాత మనమే రాయాలి. చిక్కుముడి ఉంటే దాన్ని వకీలుకు చూపించాలి. వకీలు నుంచి మనకు కావలసింది భాష కాదు, ప్రశ్నలు.

ఇది నాకు ఎట్లా తెలిసిందంటే, మాస్టారు పోయిన నెలకు నేనూ కూర్చుని రాశాను. రెండు పేజీలు వచ్చింది. లైబ్రరీ మనిషిని కదా, కేటలాగు కార్డంత శుభ్రంగా రాశాననుకున్నాను. ఒకప్పుడు మా రీడింగ్ రూములో రాత్రి దాకా కూర్చుని చదివి లా కాలేజీ పట్టా పుచ్చుకున్న అమ్మాయి ఇప్పుడు ప్రాక్టీసు చేస్తోంది. ఆమెకు చూపించాను. ఒక్క మాట కొట్టేయలేదు. పెన్సిలుతో మూడు చోట్ల ప్రశ్నార్థకం పెట్టింది.

"ఫ్లాటు మేడమ్‌కు రాశారు, మంచిదే. ఒకవేళ మేడమ్ మీకంటే ముందే పోతే ఎవరికి సార్?" అన్నది మొదటిది. అది నాకు తట్టనే లేదు. రెండోది ఊళ్లో ఉన్న మూడెకరాల గురించి. "ఇది మీదేనా సార్?" అంది. "మా నాయన పేరు మీద ఉండె" అన్నాను. "మరి మీ అక్క?" అంది. నేను నోరు మూసుకున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలోనే ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా చట్టం వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆ వాటా పుట్టుకతో వచ్చేదేనని, అందుకోసం 2005లో తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎటు లెక్కేసినా అక్కకు వాటా ఉంది. నాది కానిదాన్ని నేనెట్లా రాసిస్తాను? మూడోది పెన్షన్. "నా తర్వాత వచ్చే ఫ్యామిలీ పెన్షన్" అని ఒక వాక్యం రాశాను. అది నా ఆస్తే కాదట. నిబంధనల ప్రకారం ఎవరికి రావాలో వాళ్లకే వస్తుంది, వీలునామాతో మళ్లించడానికి లేదు.

పావుగంట పని. ఆమె తీసుకున్న ఫీజు మా ఆవిడ కొత్త కళ్లద్దాలకు పెట్టినంత కూడా కాలేదు. ఆ మూడు ప్రశ్నలు నన్ను నేను ఎన్నేళ్లు కూర్చున్నా వేసుకునేవాణ్ని కాదు.

నాలుగో తప్పు కాగితం మీద లేదు, నా మనసులో ఉంది. సాక్షులుగా మా వాకింగ్ మిత్రులిద్దర్ని అనుకున్నానని చెబితే ఆమె నవ్వింది. ఒకాయనకు డెబ్భై ఆరు, ఇంకొకాయనకు ఎనభై. రేపు వివాదం వస్తే, రిజిస్టరైన వీలునామానైనా సరే, సాక్షుల్లో కనీసం ఒకరు బతికుంటే కోర్టుకొచ్చి చెప్పాలి. కాబట్టి మనకంటే చిన్నవాళ్లు, ఆస్తితో సంబంధం లేనివాళ్లు కావాలి. క్రైస్తవులకైతే సాక్షికి గానీ, ఆ సాక్షి భార్యకో భర్తకో గానీ రాసిన ఆస్తి చెల్లనే చెల్లదు. హిందువులకు ఆ సెక్షన్ వర్తించదు. అయినా ఆస్తి వచ్చే మనిషి చేతే సాక్షి సంతకం పెట్టించడమంటే అనుమానాన్ని పిలిచి పీట వేయడమే. చివరికి మా అపార్ట్‌మెంటు సెక్రటరీ, కాలేజీలో పాఠాలు చెప్పుకునే ఒక కుర్రాడు నా ముందు సంతకాలు పెట్టారు.

అనుమానమంటే గుర్తొచ్చింది. ఫ్లాటు రాబోయే కొడుకే టైపు చేయించి, కొడుకే ఆటోలో రిజిస్ట్రారాఫీసుకు తీసుకుపోయి, కొడుకే ఫీజు కట్టిన వీలునామాలు మన దగ్గర కొల్లలు. ఇట్లాంటి అనుమానాస్పద పరిస్థితులుంటే వాటిని తొలగించాల్సిన బరువు వీలునామా పట్టుకొచ్చిన మనిషి మీదే ఉంటుందని 1959లోనే సుప్రీంకోర్టు వేంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. రిజిస్ట్రేషన్ మంచిదే గానీ, అది అన్ని అనుమానాలనూ కడిగేయదు.

మరి ఎవరికి వకీలు అక్కర్లేదు? మా లైబ్రరీలో పనిచేసిన ఒక అక్క ఉంది. భర్త పోయాడు, పిల్లల్లేరు. సొంత జీతంతో హబ్సిగూడలో ఫ్లాటు కొనుక్కుంది. చెల్లెలు కనిపెట్టుకుని ఉంటోంది. అక్క ఏమీ రాయకుండా పోతే ఆ ఫ్లాటు చెల్లెలికి రాదు. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం ముందు భర్త తరఫు వారసులకు పోతుంది. ఇరవై ఏళ్లుగా గడప తొక్కని మరుదులు వరసకొస్తారు. ఈ సంగతి తెలిసిన రోజు సాయంత్రమే అక్క ఒక్క పేజీ రాసింది. ఫ్లాటు నంబరు, ఎన్నో అంతస్తు, అవిభాజ్య స్థలం ఎన్ని గజాలు, సేల్ డీడ్ నంబరు, సంవత్సరం, హద్దులు, చెల్లెలి పూర్తి పేరు, "ఇది కాక నాకున్న మిగతాదంతా కూడా ఆమెకే" అన్న వాక్యం, తారీఖు, సంతకం, ఇద్దరు సాక్షులు. అంతే. ఒకే ఆస్తి, ఒకే మనిషి, సొంత సంపాదన. దానికి వకీలెందుకు?

మా బృందంలో ఉర్దూ శాఖ నుంచి రిటైరైన భాయ్‌సాబ్ ఉన్నారు. "మా లెక్క వేరు భయ్యా" అంటారు. నిజమే. ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం వారసులు ఒప్పుకుంటే తప్ప మూడో వంతుకు మించి వసీయత్ చేయడానికి లేదు. ఆయనలాంటివాళ్లు, రెండో పెళ్లి చేసుకున్నవాళ్లు, తాతల నాటి భూమి పంచుకోనివాళ్లు, తన తర్వాత చూసే దిక్కు కావలసిన బిడ్డ ఉన్నవాళ్లు, ఒక బిడ్డకు ఏమీ ఇవ్వదలచుకోనివాళ్లు మాత్రం తప్పకుండా వకీలు గడప ఎక్కాలి.

"బ్యాంకులో నామినీ ఉన్నాడు, ఇంక వీలునామా ఎందుకు?" అనేవాళ్లకు ఒక మాట. నామినీ డబ్బు అందుకునే మనిషే గానీ దానికి యజమాని కాడు. బీమా సొమ్ము విషయంలో, అప్పటి బీమా చట్టం ప్రకారం, సుప్రీంకోర్టు 1983లోనే సర్బతీదేవి కేసులో ఈ మాట చెప్పింది. 2023లో షేర్ల విషయంలోనూ అదే చెప్పింది.

వకీళ్లను పెట్టుకుంటే కోర్టు తప్పుతుందన్న భ్రమ కూడా వద్దు. పిఠాపురం రాజా గంగాధర రామారావు తన జమీందారీని వీలునామాతో కన్నకొడుక్కి రాస్తే, దత్తపుత్రుడు దావా వేశాడు. రాజుగారికి వకీళ్లకు కొదవా? అయినా అది లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. 1899లో వీలునామాయే నిలిచింది. ఆనాడు చిన్నపిల్లాడిగా జమీందారీ పొందిన ఆ కొడుకే తర్వాతి రాజా సూర్యారావు. నేను లైబ్రరీలో వేలసార్లు అరలోంచి తీసిచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆయన పేరు మీదిదే. ఆ వీలునామా నిలబడకపోయుంటే మన భాషకు ఆ నిఘంటువు దక్కేదో లేదో. వకీళ్లు దావాను ఆపలేకపోయారు. సరిగ్గా రాసిన రాత దావాను తట్టుకుంది.

'వీలునామా' అన్న మాటే ఒక తమాషా. ఇంగ్లీషు 'విల్లు'కు పారసీ 'నామా' తగిలించి చేసుకున్న మాట అది. చెవికి మాత్రం మన తెలుగు 'వీలు'లాగే వినిపిస్తుంది. అందుకే కాబోలు, వీలు చూసుకుని రాద్దామనుకుంటూనే చాలామంది వెళ్లిపోతారు. రాస్తే చావు దగ్గరపడుతుందన్న భయం ఇంకొందరిది. మతి సరిగా ఉన్నన్నాళ్లూ దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చించేసి కొత్తది రాసుకోవచ్చు. చెల్లేది చివరిదే.

లైబ్రరీలో మేమొక మాట అనుకునేవాళ్లం. తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. వీలునామా కూడా అంతే. ఎక్కడ పెట్టారో నమ్మకమైన ఒక మనిషికి చెప్పండి. ఇంట్లో భద్రం లేదనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే ఏర్పాటూ ఉంది.

ఈ ఆదివారం ఒక తెల్ల కాగితం తీసుకుని ముందు మీరే రాయండి. రాస్తున్నప్పుడు చేయి ఎక్కడ ఆగిందో ఆ ఒక్క చోటు కోసం వకీలు దగ్గరికి పోండి. ఎక్కడా ఆగకపోతే ఇద్దరు సాక్షుల్ని పిలిచి, వాళ్ల ముందు సంతకం పెట్టి, వాళ్ల చేత పెట్టించండి. తారీఖు వేయడం మరవకండి.