మూసినవాడే గుర్తు పెట్టాలి

అమెరికాలో ఆకులు రాలే కాలమే వేట కాలం. 2022లో అక్కడి కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వే ప్రకారం ఏడాదిలో వేటకు వెళ్లినవారు కోటీ 40 లక్షలకు పైమాటే. వారిలో చాలామంది తుపాకీ భుజాన వేసుకుని తిరిగేది ఎవరో ఒకరి సొంత భూమిలోనో, దాని పక్కనో. ఆ భూమి హద్దు ఎక్కడుందో చెప్పాల్సింది ఎవరు? వచ్చేవాడు ముందే తెలుసుకుని రావాలా, రావద్దనుకునే యజమాని తెలియజెప్పాలా? ఈ ప్రశ్న దగ్గర అమెరికా రాష్ట్రాలు రెండుగా చీలిపోయి ఉన్నాయి. మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. తన భూమిని మూసుకునే హక్కు యజమానికి పూర్తిగా ఉంది. మూశానని కంటికి కనబడేలా గుర్తు పెట్టే బాధ్యత కూడా అతనిదే. గుర్తు లేని చోట తెలియక అడుగు పెట్టినవాణ్ణి నేరస్థుడని బోనెక్కించడం అన్యాయం.

వేటకు సొంత భూమి అన్న మాటే మనకు కొత్త. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సొంత పొలంలో దుప్పిని కొట్టినా నేరమే. అమెరికాలో లైసెన్సు తీసుకుని, సీజన్‌లో, ఇన్నే కొట్టాలన్న లెక్కకు లోబడి వేటాడవచ్చు. అయితే అక్కడ కూడా జింక భూమి యజమాని సొత్తు కాదు. ఈ కంచె దూకి ఆ కంచెలోకి పోయే జింక రాష్ట్ర ప్రజలందరి ఉమ్మడి ఆస్తి అన్నది అక్కడ స్థిరపడిన న్యాయం. తన నేల మీద ఎవరిని కాలు పెట్టనివ్వాలన్నదే యజమాని చేతిలో ఉంది. లోపలికి రావద్దని చెట్టుకు కొట్టిన ఒక రేకు ముక్కకు అంత బలం వచ్చింది అందుకే.

ఇంగ్లండులో వేట దొరల సొత్తుగా ఉండేది. ఆ చేదు తెలిసినవారు కొత్త దేశంలో ఆ రాత మార్చి రాసుకున్నారు. 1776 పెన్సిల్వేనియా రాజ్యాంగం, మరుసటి ఏడాది వెర్మాంట్ రాజ్యాంగం కంచె వేయని భూముల్లో వేటాడే స్వేచ్ఛను జనానికిచ్చాయి. 1818లో దక్షిణ కరోలినా న్యాయస్థానం ఇంకో అడుగు ముందుకేసి, కంచెలేని అడవి భూమిలో యజమాని వద్దన్నా వేటాడవచ్చని తీర్పు చెప్పింది. మేం అంత దూరం వెళ్లం. అప్పటి జనం వేరు, అప్పటి తుపాకులు వేరు. ఈనాటి రైఫిల్ గుండు మైలు దాటి కూడా ప్రాణం తీయగలదు. పశువులు, పిల్లలు తిరిగే చోట యజమాని వద్దంటే ఆగి తీరాలి. ఆ వద్దన్న మాట మాత్రం వచ్చేవాడి చెవిన పడాలి, లేదా కంటబడాలి.

ఇప్పటి చట్టాలు చూడండి. వెర్మాంట్‌లో వేట వద్దనుకునే యజమాని 400 అడుగులకు మించని దూరంలో బోర్డులు కట్టాలి. ఏటా వాటి మీద కొత్త తేదీ వేయాలి. ఏటా టౌన్ క్లర్కు దగ్గర 5 డాలర్లు కట్టి నమోదు చేయించుకోవాలి. తేదీ పాతబడిన బోర్డుకు విలువ లేదు. మోంటానాలో వ్యవహారం తలకిందులు. బోర్డు ఉన్నా లేకున్నా ప్రైవేటు భూమిలో వేటకు యజమాని అనుమతి ఉండి తీరాలి. విస్కాన్సిన్‌లో ఒకప్పుడు బోర్డు తప్పనిసరి. 1990లలో ఆ షరతు ఎత్తేశారు. ఒక రాష్ట్రంలో పెద్దమనిషిగా నడిచినవాడు సరిహద్దు రోడ్డు దాటి అదే పని చేస్తే నేరస్థుడవుతున్నాడు.

హద్దు తెలిసేది ఎవరికో ఆలోచిస్తే బాధ్యత ఎవరిదో తేలిపోతుంది. సర్వే పటం యజమాని ఇంట్లో ఉంది. కొనేటప్పుడు మూలమూలా తిరిగి చూసుకున్నది అతనే. వేటగాడి కళ్లముందున్నవి ఓక్ చెట్లు, రాలిన ఆకులు, ఆకుల కింద ఎక్కడో భూమిలోకి దిగిన ఇనుప కడ్డీ. ఇప్పుడు ఫోన్లలో హద్దులు చూపించే యాప్‌లు వచ్చాయి కదా అంటారు. అవి వాడటం మంచిదే. కానీ దట్టమైన చెట్ల కింద ఫోను చూపే చోటు కొన్ని గజాలు అటూ ఇటూ అవుతుంది. వాటి వెనకున్న పటాలూ నూటికి నూరుపాళ్లు సరైనవి కావు. ఒక మనిషి మీద నేరం మోపడానికి ఫోన్ తెర మీది గీత చాలదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. వేట భూమిలో హద్దు తగాదా వస్తే ఇద్దరి చేతుల్లోనూ తుపాకులే ఉంటాయి. 2004 నవంబరులో విస్కాన్సిన్ ఉత్తర అడవుల్లో ఏం జరిగిందో అక్కడివారు ఇంకా మరిచిపోలేదు. మిన్నెసోటా నుంచి వచ్చిన, హ్మాంగ్ అనే ఆసియా జాతికి చెందిన ఒక వలస వేటగాడు పరాయి భూమిలో జింకల కోసం కట్టిన మంచె ఎక్కాడు. యజమాని వర్గం వచ్చి దిగమంది. మాటలు ముదిరి తుపాకులు పేలాయి. ఎనిమిది మందికి గుండ్లు తగిలి ఆరుగురు చనిపోయారు. కాల్చినవాడికి యావజ్జీవ శిక్ష పడింది. తనను జాతి పేరుతో తిట్టారని, ముందు అటునుంచే కాల్చారని అతను కోర్టులో చెప్పాడు. జ్యూరీ నమ్మలేదు. ఒక్క బోర్డు ఉంటే ఆ ఆరు ప్రాణాలు దక్కేవని మేం అనడం లేదు. అంత పెద్ద దారుణానికి అంత చిన్న కారణం చూపడం తప్పు. మేం చెప్పేది ఇంతే: కోపంతో ఉన్న మనిషి ఎదురొచ్చి చెప్పేకన్నా చెట్టు మీది గుర్తు ముందే చెప్పడం మేలు. ముఖ్యంగా వచ్చినవాడు ఆ ఊరి భాష, ఆ ఊరి మర్యాద పూర్తిగా తెలియని వలసదారుడైనప్పుడు.

యజమానుల గోడు కూడా వినాలి. అది కల్పితం కాదు. వందల ఎకరాల చుట్టూ బోర్డులు కొట్టడం ఒకరోజు పని కాదు. కొట్టినవాటిని పీకేస్తారు, గురి చూసుకోవడానికి వాడుకుంటారు. నడి అక్షరంలో గుండు దిగిన రేకులు ప్రతి కౌంటీలోనూ కనిపిస్తాయి. ఎండకు ముందు వెలిసిపోయేది ఎర్ర సిరానే, అంటే అందరికీ కనబడాలని పెద్దగా రాసిన ఆ ఒక్క మాటే. మేకులు బిగుతుగా కొడితే చెట్టు లావెక్కే కొద్దీ బెరడు రేకు అంచుల మీదికి పాకి కొన్నేళ్లలో దాన్ని మింగేస్తుంది. ఆ చెట్టును తర్వాత కోతమిల్లుకు తోలితే లోపలున్న ఇనుప మేకు రంపం పళ్లు విరగ్గొడుతుంది. అందుకే తెలిసినవాళ్లు అల్యూమినియం మేకులు తెచ్చి, తల కాస్త బయటికి వదిలి కొడతారు.

ఈ బాధలకు విరుగుడు కూడా అమెరికన్లే కనిపెట్టారు. 1989లో ఆర్కన్సా మొదలుపెట్టిన ఊదారంగు చట్టం అది. బోర్డుకు బదులు చెట్టు మీదో స్తంభం మీదో ఊదారంగు గీత గీస్తే చాలు, లోపలికి రావద్దని చెప్పినట్టే లెక్క. టెక్సాస్ 1997లో తెచ్చింది. పెన్సిల్వేనియాలో 2020లో అమల్లోకి వచ్చింది. టెక్సాస్ చట్టం కొలతలతో సహా చెబుతుంది: నిలువు గీత పొడవు 8 అంగుళాలకు, వెడల్పు అంగుళానికి తగ్గకూడదు, నేల నుంచి 3 నుంచి 5 అడుగుల ఎత్తులో ఉండాలి, అడవిలో గీతకూ గీతకూ మధ్య 100 అడుగులు, బయలు నేలలో 1,000 అడుగులు మించకూడదు. కలప నరికేవారు వాడే గుర్తుల్లో కలిసిపోని రంగు కావడం, రంగులు సరిగా గుర్తుపట్టలేనివారికి కూడా ఆనడం దీని మంచి గుణాలు. గీతను పీక్కుపోయేవాడు ఉండడు. చెట్టు పెరిగినా గీత కొన్నేళ్లు నిలుస్తుంది. ఒక డబ్బా రంగు, ఒక కుంచె, ఒక సాయంత్రం. ఇంత సులువైన దారి ఉండగా గుర్తు పెట్టే భారం మోయలేమన్న వాదన నిలబడదు.

ఉత్తర డకోటా 2021లో ఇంకో దారి తొక్కింది. యజమాని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే చాలు, నేల మీద బోర్డు లేకున్నా భూమి మూసినట్టే. మంచు గాలిలో మైళ్లకు మైళ్లు తిరిగి బోర్డులు కట్టే ముసలి రైతుకు ఇది ఊరటే, కాదనం. అయినా దీన్ని మేం సమర్థించలేం. మనిషి నడిచేది నేల మీద. ఆపే గుర్తు కూడా నేల మీదే ఉండాలి. వెబ్‌సైట్ నమోదు గుర్తుకు తోడుగా ఉండవచ్చు, గుర్తు స్థానాన్ని ఆక్రమించకూడదు.

యజమాని గీత తన హద్దు మీదే గీయాలి, అంగుళం అవతలికి జరపకూడదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం వయోమింగ్. 1862లో రైలుమార్గం వేయడానికి కేంద్ర ప్రభుత్వం పశ్చిమాన భూమిని మైలుకు మైలు చదరాలుగా కోసి, ఒకటి విడిచి ఒకటి రైల్వే కంపెనీకి ఇచ్చింది. ఒక్కో చదరం 640 ఎకరాలు. ఈనాటికీ పటంలో ప్రైవేటు గడి, ప్రభుత్వ గడి చదరంగం బల్లలా పక్కపక్కనే ఉంటాయి. రెండు ప్రభుత్వ గడులు మూల దగ్గర మాత్రమే తాకుతాయి. ఎల్క్ మౌంటెన్ దగ్గర 20 వేల ఎకరాలకు మించిన రాంచ్ యజమాని అలాంటి ఒక మూల మీద రెండు ఇనుప స్తంభాలు పాతి, మధ్య గొలుసు కట్టి, నో ట్రెస్‌పాసింగ్ బోర్డులు వేలాడదీయించాడు. 2021లో మిస్సోరి నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు ఆ మూల మీద నిచ్చెన వేసుకుని, ఒక ప్రభుత్వ గడి నుంచి ఇంకో ప్రభుత్వ గడిలోకి దిగారు. వారి కాలు ప్రైవేటు మట్టిని తాకలేదు. గాలిలో భుజం దాటిందని వారి మీద క్రిమినల్ కేసు పెట్టారు. రాంచ్ యజమాని విడిగా సివిల్ దావా వేసి 70 లక్షల డాలర్లకు పైగా నష్టపరిహారం అడిగాడు. 2022లో క్రిమినల్ కేసులో స్థానిక జ్యూరీ వారిని నిర్దోషులంది. 2025 మార్చిలో సివిల్ దావాలో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ప్రభుత్వ భూమికి దారి మూసేయడాన్ని 1885 నాటి చట్టమే నిషేధించిందని గుర్తుచేసి వారి పక్షాన నిలిచింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఆ తీర్పు న్యాయమైనది. వందల ఎకరాలున్న ఆసామి డొంకదారికి అడ్డంగా కంచె నాటడం మన ఊళ్లు ఎరగనిది కాదు. పోరంబోకు భూమిని కలుపుకునేవాడి చేతిలో గుర్తు, సొంత భూమిని కాపాడుకునేవాడి చేతిలో గుర్తు చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి. తప్పుడు చోట బోర్డు పెట్టి జనాన్ని బెదిరించడాన్ని రాష్ట్రాలు నేరంగా చూసి, జరిమానా వేయాలి.

ఈ సంపాదకీయం తెలుగువారికెందుకని ఎవరైనా అడగవచ్చు. డాలస్ చుట్టుపక్కల, హ్యూస్టన్ శివార్లలో పదో ఇరవయ్యో ఎకరాలు కొని గడ్డి కోయించుకుంటున్న, ఆవుల్ని మేపిస్తున్న మనవాళ్లు ఇప్పుడు ఉన్నారు. టెక్సాస్‌లో 90 శాతానికి పైగా భూమి ప్రైవేటుది. వారంలో ఐదు రోజులు నగరంలో ఉద్యోగం చేస్తూ, భూమి మొహం ఎప్పుడోగాని చూడని యజమాని హద్దు గుర్తులు పెట్టకపోతే ఎవరు పెడతారు? పక్క పొలాయన తన కుక్కనో, గాయపడిన జింకనో వెతుక్కుంటూ వస్తే అతను దొంగ కాదు. అడవిపందుల బెడద ఉన్న కౌంటీల్లో వాటిని కొట్టేవారు ఏడాది పొడవునా తిరుగుతుంటారు. 2019 నుంచి టెక్సాస్‌లో యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో పందుల వేటకు లైసెన్సు కూడా అక్కర్లేదు. ఆ అనుమతి ఎవరినడగాలో వచ్చినవాడికి తెలిసే దారి లేకుండా చేయడం మంచి ఇరుగుపొరుగుతనం కాదు.

కొందరు ముచ్చటపడి కొనే బోర్డులు ఉంటాయి, లోపలికొస్తే కాల్చేస్తామని పుర్రె బొమ్మతో. అవి గేటుకు తగిలించవద్దని మన భూయజమానుల్ని కోరుతున్నాం. కేవలం హద్దు దాటాడని మనిషిని కాల్చే హక్కు అమెరికాలో ఏ రాష్ట్ర చట్టమూ ఇవ్వదు. రేపు ఏదైనా జరగరానిది జరిగితే ఆ బోర్డునే ప్రాసిక్యూటరు జ్యూరీ ముందు పెడతాడు.

వేటగాళ్లకూ ఒక మాట. గుర్తు లేని భూమిలో నేరం ఉండకూడదన్నాం గాని, అడగనక్కర్లేదని అనలేదు. ఇల్లు కనబడితే తలుపు తట్టండి. టెక్సాస్ లాంటి చోట్ల బోర్డు లేకపోయినా యజమాని ఒప్పుకోకుండా వేటాడటం నేరమే. ఆ చట్టం మారేదాకా దానికి లోబడాల్సిందే.

రాష్ట్రాల శాసనసభలు చేయవలసింది పెద్దదేం కాదు. ఊదారంగు గీతను దేశమంతా ఒకే కొలతతో గుర్తించాలి. గీత ఉన్న చోట దాటినవాడికి శిక్ష ఇప్పటికంటే గట్టిగా వేయండి, మాకు అభ్యంతరం లేదు. లేని చోట మొదటిసారి వచ్చినవాణ్ణి వెళ్లమని చెప్పి పంపాలి, చెప్పినా వినకపోతేనే కేసు. ప్రతి గేటు దగ్గర ఒక్క బోర్డు మీదైనా అనుమతి అడగడానికి ఒక ఫోన్ నంబరు ఉండాలి. టెక్సాస్‌లో తెల్లతోక జింకల సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అక్కడ భూములున్న మన తెలుగువారు చట్టం కోసం ఎదురుచూడకుండా అక్టోబరులోనే ఒక ఆదివారం సర్వే పటం పట్టుకుని వెళ్లి, మూలల దగ్గర ఇనుప కడ్డీలు వెతికి, హద్దు వెంట రంగు వేసి, గేటు మీద ఆ నంబరు రాసి రావాలి.