సెల్ఫ్ తిరుగుతోంది.. ఇంజిన్ అందుకోవట్లేదు!

తెల్లవారుజాము 3 గంటలు. బండి నిండా టమాటా. మదనపల్లె మార్కెట్‌కి పోవాలి. టీ తాగొచ్చి తాళం తిప్పితే 'గిర్ర్‌ర్' మంటోందే కానీ స్టార్ట్ అవ్వట్లేదు. నేను ఆపకుండా సెల్ఫ్ కొడుతూనే ఉన్నా. "ఆపరా నాయనా, బ్యాటరీ కూడా చంపేస్తావ్!" అంటూ బాబాయ్ తాళం లాగేసుకున్నాడు. ఆ రాత్రి ఆయన నేర్పిందే ఈ వారం ముచ్చట.

సెల్ఫ్ జోరుగా తిరిగితే బ్యాటరీ, స్టార్టర్ దాదాపు బాగున్నట్టే. నీరసంగా తిరిగితే ముందు బ్యాటరీ టెర్మినల్స్ చూడండి. డీజిల్ ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో నొక్కుకుపోయిన గాలి వేడికే డీజిల్ అంటుకుంటుంది. సెల్ఫ్ మెల్లగా తిరిగితే ఆ వేడి చాలదు.

ఇప్పుడు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, టైరు కింద రాయి పెట్టండి. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు సైలెన్సర్ చూడాలి. ఒక్కసారికి 10 సెకన్లు చాలు, తర్వాత ఒక నిమిషం ఆగండి. లేదంటే స్టార్టర్ కాలిపోతుంది.

తెల్ల పొగ వస్తోందా? డీజిల్ అందుతోంది కానీ మండట్లేదు. అది మెకానిక్ చూడాల్సిన పని.

అసలు పొగే లేదా? డీజిల్ అందట్లేదన్నమాట. మీటర్‌ని నమ్మకుండా ట్యాంకులో పుల్ల పెట్టి చూడండి. పాత బండైతే ఇంజిన్ ఆపే కేబుల్ లాగే ఉండిపోయిందేమో చూడండి. నవ్వకండి, చాలాసార్లు అదే! తర్వాత ఫ్యూజులు. ఫిల్టర్ అడుగున డ్రెయిన్ ఉంటే తిప్పి నీళ్లు వదిలేయండి.

చివరగా ఎయిర్. మా బండి జబ్బు ఇదే. డీజిల్ అడుగంటింది, పైగా ఏటవాలులో ఆపాం. పైపు గాలి పీల్చేసింది. బాబాయ్ పక్క లారీవాళ్లని అడిగి 10 లీటర్లు పోశాడు. ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, చేతి పంపు నొక్కాడు. ముందు బుడగలు, నురగ. బుడగల్లేని డీజిల్ వచ్చాక స్క్రూ బిగించి, పంపు గట్టిపడేదాకా నొక్కాడు. రెండో సెల్ఫ్‌కే బండి అందుకుంది.

కానీ ఒక్క మాట. బీఎస్-6 లాంటి కామన్‌రైల్ బండ్లలో ఇంజెక్టర్ పైపులు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదులు చేయొద్దు. అందులో ప్రెషర్ 1000 బార్ దాటుతుంది. సన్నటి డీజిల్ ధార చర్మంలోకి దూసుకెళ్లిపోతుంది. చిన్న గాయమే అనుకుంటారు, చెయ్యే పోవచ్చు. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటో, తాళం గుర్తో వెలుగుతుంటే ఫొటో తీసి మెకానిక్‌కి పంపండి.

ఆ రోజు మార్కెట్‌కి గంట లేటు. మంచి రేటు అప్పటికే పోయింది. ఇంటికొచ్చే దారిలో బాబాయ్ అన్నది ఒక్కటే.. "ట్యాంకులో డీజిల్ కొంచెం మిగిల్చి పెట్టరా, అది ఖర్చు కాదు."

అప్పట్నుంచీ పావు ట్యాంకు దగ్గరే బంకులోకి తిప్పేస్తున్నా.